సూపర్‌హీరో సినిమాలు కామిక్స్ పాత్రలకి న్యాయం చేస్తున్నాయా? అసలు ఏ కామిక్స్‌కి?

కొత్త సూపర్‌హీరో సినిమా ట్రైలర్ వచ్చిందంటే చాలు, గంట తిరక్కుండానే వాదన మొదలైపోతుంది. కామిక్స్‌లో ఇలా లేదు, ఈ పాత్ర ఇలా మాట్లాడదు, సూట్ రంగు ఇది కాదు, బ్యాట్‌మ్యాన్ ఎవర్నీ చంపడు అని ఒక వర్గం. సినిమాని సినిమాగా చూడండి, ఎప్పటివో బొమ్మల పుస్తకాలు పట్టుకుని వేలాడితే ఎలా అని ఇంకో వర్గం. రెండు వైపులా కొంత నిజం ఉంది, కానీ ఇద్దరూ అసలు ప్రశ్న పక్కన పెట్టేసి కొట్టుకుంటున్నారని నాకు గట్టిగా అనిపిస్తుంది. కామిక్స్‌కి తగ్గట్టు ఉందా అని అడిగితే, ఏ కామిక్స్‌కి? ఎప్పుడు వచ్చినవాటికి, ఎవరు రాసినవాటికి?

నవలకైతే ఈ సమస్య లేదు. ఒక రచయిత, ఒక పుస్తకం, సినిమా దానికి దగ్గరగా ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. సూపర్‌మ్యాన్ 1938లో వచ్చాడు, బ్యాట్‌మ్యాన్ 1939లో, స్పైడర్‌మ్యాన్ 1962లో. అప్పట్నుంచి ఇప్పటిదాకా నెలనెలా ఎవరో ఒకరు వీళ్ల కథలు రాస్తూనే ఉన్నారు, గీస్తూనే ఉన్నారు, ఒకరు పెట్టింది ఇంకొకరు తీసేశారు, ఒకరు చంపిన పాత్రని ఇంకొకరు బతికించారు, ఒక్కో దశాబ్దంలో ఒక్కో మనిషిలా కనిపిస్తారు. పోల్చి చూడ్డానికి ఒక్క పుస్తకమంటూ ఏదీ లేదు.

బ్యాట్‌మ్యాన్‌నే తీసుకోండి. చంపడు అనేది అతని మొదటి రూల్ అని అందరం అనుకుంటాం. కానీ 1939లో డిటెక్టివ్ కామిక్స్ 27వ ఇష్యూలో, అంటే అతని మొట్టమొదటి కథలోనే, విలన్‌ని ఒక్క గుద్దు గుద్దితే వాడు వెళ్లి యాసిడ్ ట్యాంకులో పడి చచ్చిపోతాడు, బ్యాట్‌మ్యాన్ వాడికి తగిన శాస్తే జరిగిందన్నట్టు మాట్లాడి వెళ్లిపోతాడు. 1940లో బ్యాట్‌మ్యాన్ పేరుతో వచ్చిన సొంత పత్రిక మొదటి ఇష్యూలో అయితే విమానానికి మెషీన్ గన్ బిగించి లారీ మీద కాలుస్తాడు, ఒక రాక్షసుడి లాంటి మనిషిని విమానం నుంచి మెడకి తాడుతో వేలాడదీస్తాడు. ఆ తర్వాత ఎడిటర్ విట్నీ ఎల్స్‌వర్త్ కలగజేసుకుని ఇక తుపాకీ వద్దు, చంపడం వద్దు అన్నాడు. అంటే ఆ పవిత్రమైన రూల్ పాత్రతో పాటు పుట్టింది కాదు, ఏడాది తర్వాత ఆఫీసులో తీసుకున్న నిర్ణయం.

ఇక్కడే చాలామంది ఒక సులువైన నిర్ణయానికి వచ్చేస్తారు. కామిక్స్‌లోనే అన్ని రకాలూ ఉన్నాయి కాబట్టి సినిమావాళ్లు ఏం చేసినా తప్పులేదు, ఏదో ఒక ఇష్యూలో దానికి ఆధారం దొరక్కపోదు అని. నేను ఒప్పుకోను. 80 ఏళ్లకి పైగా వందలమంది ఒక పాత్రని రాశాక కూడా ఏదైతే నిలబడిందో అదే ఆ పాత్ర. ఎల్స్‌వర్త్ పెట్టిన రూల్ ఎందుకు నిలబడింది? ఎడిటర్ చెప్పాడని మాత్రమే అయితే ఎడిటర్ మారినప్పుడు పోయేది. తల్లిదండ్రుల్ని కళ్లముందే తుపాకీతో కాల్చేస్తే చూసిన పిల్లాడు పెద్దయ్యాక తుపాకీ పట్టుకోడు, ఇంకో మనిషి ప్రాణం తీయడు అనేది ఆ కథకి అంత బాగా సరిపోయింది కాబట్టి, తర్వాత వచ్చిన రచయితలందరూ దాని మీదే కట్టుకుంటూ పోయారు. మొదటి రోజు లేకపోయినా ఇప్పుడు పునాది అదే. వాదనలో మనం వెతకాల్సింది మొదటి ఇష్యూలో ఏముంది అని కాదు, ఇన్నేళ్ల తర్వాత తీసేస్తే మిగతాదంతా కూలిపోయేది ఏంటి అని.

సరే, సినిమావాళ్లు మార్పులు ఎందుకు చేస్తారు అనేది ముందు చూద్దాం, ఎందుకంటే మనం తిట్టే మార్పుల్లో సగం డైరెక్టర్ ఇష్టంతో జరిగినవి కావు.

అన్నిటికంటే పెద్ద కారణం, బయటికి అస్సలు కనిపించనిది, హక్కులు. 1990ల్లో మార్వెల్ కంపెనీ ఆర్థికంగా చితికిపోయింది, 1996లో దివాలా పిటిషన్ కూడా వేసింది, ఆ రోజుల్లోనే పాత్రల సినిమా హక్కులు వేర్వేరు స్టూడియోల చేతుల్లోకి వెళ్లిపోయాయి. ఎక్స్‌మెన్, ఫెంటాస్టిక్ ఫోర్ ఫాక్స్ దగ్గర, స్పైడర్‌మ్యాన్ సోనీ దగ్గర. తర్వాత మార్వెల్ సొంతంగా సినిమాలు తీయడం మొదలుపెట్టేసరికి తన పిల్లలే తన దగ్గర లేరు. క్విక్‌సిల్వర్ సంగతి చూడండి, ఈ పిచ్చి మొత్తం ఒక్క పాత్రలో కనిపిస్తుంది. కామిక్స్‌లో అతను మ్యూటెంట్ (పుట్టుకతోనే శక్తులున్నవాడు), ఎక్స్‌మెన్ విలన్ మాగ్నెటో కొడుకు, అవెంజర్స్ టీమ్‌లోనూ చాలాకాలం ఉన్నాడు. రెండు వైపులా సంబంధం ఉంది కాబట్టి అప్పట్లో రెండు స్టూడియోలూ వాడుకోగలిగాయి, కానీ ఫాక్స్‌వాళ్లు అవెంజర్స్ ఊసెత్తడానికి లేదు, మార్వెల్‌వాళ్లు మ్యూటెంట్ అనే మాట అనడానికి లేదు. అందుకని 2014లో ఎక్స్‌మెన్ సినిమాలో ఒక క్విక్‌సిల్వర్, 2015లో ఏజ్ ఆఫ్ అల్ట్రాన్‌లో ఇంకో క్విక్‌సిల్వర్, ఇద్దరు వేరే నటులు, ఇద్దరికీ వేరే పుట్టుక. పియట్రో (అంటే క్విక్‌సిల్వర్), అతని కవల సోదరి వాండా ఇద్దరూ మాగ్నెటో పిల్లలు కాకుండా ఏదో ప్రయోగంలో శక్తులొచ్చిన అనాథలు ఎందుకయ్యారు అంటే సమాధానం కథలో లేదు, కాంట్రాక్టులో ఉంది. కామిక్స్‌లో కూడా సరిగ్గా ఆ సమయంలోనే వాళ్లు మాగ్నెటో పిల్లలు కాదని కథ మార్చేశారు.

సివిల్ వార్ కూడా అంతే. 2006లో మొదలైన ఆ కామిక్స్ కథలో స్టామ్‌ఫర్డ్ అనే ఊళ్లో స్కూల్ దగ్గర పేలుడు జరిగి వందలమంది చనిపోతారు, మారువేషాల్లో ఉన్న హీరోలందరూ ప్రభుత్వం దగ్గర అసలు పేర్లతో నమోదు చేసుకోవాలని చట్టం వస్తుంది, పీటర్ పార్కర్ ప్రెస్ ముందు ముసుగు తీసేస్తాడు, అది చదివినప్పుడు గుండె జారిపోయే పేజీ. 2016 సినిమాలో ఇదేదీ కుదరదు. దాచిపెట్టిన పేర్లు ఉన్న హీరోలే ఆ సినిమా ప్రపంచంలో పెద్దగా లేరు, టోనీ స్టార్క్ 2008లోనే నేనే ఐరన్ మ్యాన్ అని చెప్పేశాడు, స్పైడర్‌మ్యాన్ అయితే సోనీతో 2015లో ఒప్పందం కుదిరాక అప్పుడే మొదటిసారి వచ్చాడు. అందుకని చట్టం గొడవని పైన ఉంచి, లోపల కథని కెప్టెన్ అమెరికా పాత స్నేహితుడు బక్కీ మీదకి, టోనీ తల్లిదండ్రుల హత్య మీదకి తిప్పారు. కామిక్స్‌లో చివర్న మామూలు జనం వచ్చి కెప్టెన్ అమెరికాని ఆపితే, చుట్టూ జరిగిన విధ్వంసం చూసి తనే లొంగిపోతాడు. సినిమాలో ముగ్గురు మనుషులు ఒక మూసిన గదిలో కొట్టుకుంటారు. రాజకీయం తగ్గి బాధ పెరిగింది. నాకు కామిక్స్ ముగింపే ఇష్టం, కానీ ఆ సినిమా కెప్టెన్ కూడా నేను గుర్తుపట్టే కెప్టెనే, స్నేహితుణ్ణి వదలడు, తప్పనిపిస్తే ఎవరు చెప్పినా సంతకం పెట్టడు.

మిగతా కారణాలు తెలిసినవే. ఐరన్ మ్యాన్ 1963లో వియత్నాంలో దొరికిపోతాడు, 2008 సినిమాకి అది అఫ్గానిస్తాన్ అయింది, లేకపోతే టోనీ ముసలాడైపోతాడు. అల్ట్రాన్ అనే రోబో విలన్‌ని కామిక్స్‌లో హ్యాంక్ పిమ్ అనే శాస్త్రవేత్త తయారుచేస్తాడు, సినిమాల్లో అప్పటికి అతని కథే వేరుగా నడుస్తోంది కాబట్టి ఆ తప్పు టోనీ నెత్తిన, హల్క్‌గా మారే బ్యానర్ నెత్తిన పెట్టారు. నటుడి శరీరం ఇంకో కారణం. వుల్వరీన్ కామిక్స్‌లో 5 అడుగుల 3 అంగుళాలు, హ్యూ జాక్‌మన్ 6 అడుగులు దాటి ఉంటాడు. ఇది చిన్న విషయం అని కొట్టిపారేస్తారు గానీ నాకు అలా అనిపించదు. అందరికంటే పొట్టిగా ఉండి అందరికంటే మొండిగా ఉండే మనిషికీ, గదిలోకి వస్తేనే అందరూ తలెత్తి చూసే మనిషికీ తేడా ఉంది, ఆ పొట్టితనం నుంచి వచ్చే కసి సినిమాల్లో ఎప్పుడూ రాలేదు. దాని బదులు జాక్‌మన్ ఒంటరితనం తెచ్చాడు, అది కూడా వుల్వరీన్‌లో ఉన్నదే. ఒకటి పోయింది, ఒకటి పెరిగింది.

ఇంకో విషయం ఈ వాదనల్లో దాదాపు ఎవరూ ఎత్తరు. కామిక్స్ నుంచి సినిమాకి మాత్రమే కాదు, అటు నుంచి ఇటు కూడా చాలా వచ్చింది. దగ్గరికొస్తే శక్తులు పోగొట్టే క్రిప్టోనైట్ రాయి లేని సూపర్‌మ్యాన్‌ని ఊహించగలరా? అది 1943లో రేడియో నాటకంలో పుట్టింది, కామిక్స్‌లోకి 1949లో గానీ రాలేదు. 1938 సూపర్‌మ్యాన్ ఎగరడు, మైలులో ఎనిమిదో వంతు దూరం గెంతుతాడు అంతే. ఎగరడం రేడియోలోనూ, 1940ల్లో వచ్చిన కార్టూన్లలోనూ ఊపందుకుని కామిక్స్‌లో స్థిరపడింది. బ్యాట్‌మ్యాన్ ఇంటి బట్లర్ ఆల్ఫ్రెడ్ మొదట లావుగా ఉండేవాడు, 1943 సీరియల్‌లో సన్నటి నటుణ్ణి పెట్టారు కాబట్టి కామిక్స్‌లో కూడా చిక్కిపోయాడు, మీసం కూడా పెంచాడు. సూపర్‌మ్యాన్ ఛాతీ మీద గుర్తు అతని క్రిప్టాన్ కుటుంబ చిహ్నం అనేది 1978 సినిమాతో వచ్చింది. హార్లీ క్విన్ 1992లో టీవీ కార్టూన్‌లో పుట్టింది. మిస్టర్ ఫ్రీజ్ భార్య నోరా కథ, అంటే ఆ విలన్‌కి ఉన్న ఒకే ఒక్క కన్నీటి చుక్క, అది కూడా ఆ కార్టూన్ ఇచ్చిందే.

గూఢచారి సంస్థ బాస్ నిక్ ఫ్యూరీ అయితే చుట్టూ తిరిగి వచ్చాడు. 1963లో వచ్చిన ఫ్యూరీ తెల్లవాడు. 2002లో అల్టిమేట్స్ అనే సిరీస్‌లో అతన్ని శామ్యూల్ ఎల్ జాక్సన్ పోలికలతో గీశారు, 2008లో ఆ జాక్సనే సినిమాలో ఫ్యూరీ అయ్యాడు, తర్వాత అసలు కామిక్స్‌లోకి పాత ఫ్యూరీ కొడుకంటూ అదే రూపంలో ఇంకో నిక్ ఫ్యూరీని తీసుకొచ్చారు. కమలా ఖాన్ (మిస్ మార్వెల్) కామిక్స్‌లో ఇన్‌హ్యూమన్ అనే వేరే జాతి మనిషి, 2022 సిరీస్‌లో మ్యూటెంట్ అని సూచించారు, 2023లో కామిక్స్‌లో కూడా మ్యూటెంట్‌ని చేశారు. ఇది నాకు కొంచెం బాధగానే ఉంటుంది, ఎందుకంటే రేడియో రోజుల్లో మంచి ఆలోచన దొరికితే కామిక్స్ తీసుకున్నాయి, ఇప్పుడు సినిమా చూసి వచ్చినవాడు తికమక పడకూడదని కామిక్స్ తమ కథని మార్చుకుంటున్నాయి. రెండూ ఒకటి కాదు.

ఇక అసలు విషయానికి వస్తా. నా లెక్క ఏంటంటే, సినిమా ఏం మార్చింది అనేది రెండో ప్రశ్న. మార్చినదాని తాలూకు పర్యవసానాన్ని కథ మోసిందా లేదా అనేది మొదటి ప్రశ్న. దీనికి నేను చూపించగలిగిన అన్నిటికంటే మంచి ఉదాహరణ సూపర్‌మ్యాన్, అతని గ్రహం క్రిప్టాన్ నుంచే వచ్చిన విలన్ జనరల్ జాడ్.

2013లో మ్యాన్ ఆఫ్ స్టీల్ చివర్న రైల్వే స్టేషన్‌లో జాడ్ కళ్లలోంచి వచ్చే మంట ఒక కుటుంబం వైపు జరుగుతూ ఉంటే, వేరే దారి లేక సూపర్‌మ్యాన్ అతని మెడ విరిచేస్తాడు. సూపర్‌మ్యాన్ చంపడు అని ప్రపంచమంతా గొడవ. దానికి సమాధానంగా వచ్చిన మాట, కామిక్స్‌లో కూడా చంపాడు కదా అని. నిజమే, చంపాడు. 1988లో సూపర్‌మ్యాన్ 22వ ఇష్యూ, జాన్ బర్న్ రాసి గీసినది. వేరే ఒక చిన్న విశ్వంలో జాడ్, ఇంకో ఇద్దరు కలిసి భూమ్మీద ఉన్నవాళ్లందర్నీ చంపేశారు. సూపర్‌మ్యాన్ వాళ్ల శక్తులు తీసేశాడు, అయినా మళ్లీ శక్తులు సంపాదించి నీ భూమికి వచ్చి అదే పని చేస్తాం అని బెదిరిస్తారు. అప్పుడు అతను ఆకుపచ్చ క్రిప్టోనైట్ తీసి ముగ్గుర్నీ చంపుతాడు. ఆవేశంలో కాదు, గొంతు మీద కత్తి ఉన్నప్పుడు కాదు, శక్తుల్లేని ఖైదీలకి తీర్పు చెప్పి శిక్ష అమలు చేస్తాడు. చెప్పాలంటే సినిమాలో జరిగినదానికంటే ఇది చాలా ఘోరం.

మరి అది ఎందుకు నిలబడింది, సినిమాది ఎందుకు గుచ్చుకుంది? తర్వాతి పేజీల కోసం చూడండి. ఆ పని చేశాక కామిక్స్ సూపర్‌మ్యాన్ కుదుటపడలేకపోతాడు, నిద్రలో తనకే తెలీకుండా ఇంకో మారువేషం వేసుకుని తిరుగుతూ ఉంటాడు, అది తెలిశాక నేను మనుషుల మధ్య ఉండటం ప్రమాదం అని భూమి వదిలేసి అంతరిక్షంలోకి వెళ్లిపోతాడు. నెలల తరబడి నడిచింది ఆ కథ. ఒక రచయిత చేసిన పనికి తర్వాతి రచయితలు బాధ్యత తీసుకున్నారు. మ్యాన్ ఆఫ్ స్టీల్‌లో మెడ విరిచాక ఒక కేక ఉంది, అతను ప్రేమించే లోయిస్ పట్టుకుంటుంది, హెన్రీ కావిల్ ఆ క్షణాన్ని నిజంగా బాగా చేశాడు. ఆ తర్వాత కాసేపటికే మిలిటరీ జనరల్‌తో తేలికపాటి సంభాషణ, ఆపైన డైలీ ప్లానెట్ పత్రికలో ఉద్యోగం. మనిషిని చంపిన బరువు సీన్ దాటి రాలేదు. నా ఫిర్యాదు చంపినందుకు కాదు, చంపాక ఏమీ జరగనందుకు.

అదే డైరెక్టర్ జాక్ స్నైడర్ 2016లో బ్యాట్‌మ్యాన్‌తో చేసినది ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఆ సినిమాకి కావాల్సిన బొమ్మలన్నీ 1986లో ఫ్రాంక్ మిల్లర్ రాసిన డార్క్ నైట్ రిటర్న్స్ నుంచి తీసుకున్నారు. వయసైపోయిన బ్యాట్‌మ్యాన్, ఆ బరువైన కవచం, సూపర్‌మ్యాన్‌తో కొట్లాట, కొన్ని ఫ్రేములు పక్కన పెట్టి చూస్తే కామిక్స్ పేజీ కదులుతున్నట్టే ఉంటుంది. కానీ ఆ పుస్తకంలో బ్యాట్‌మ్యాన్ ఒకచోట అందరి ముందూ ఒక తుపాకీని చేతులతో విరిచేసి, ఇది శత్రువు ఆయుధం, మనకి అవసరం లేదు అంటాడు. అతని బండి మీద గన్ ఉంటుంది, అందులో రబ్బర్ బుల్లెట్లు. మిల్లర్ ఎంత చీకటి మనిషిని రాసినా ఆ ఒక్క గీత దాటనివ్వలేదు, ఆ గీత దాటాలా వద్దా అనే పెనుగులాటే ఆ పుస్తకం. సినిమాలో బ్యాట్‌మొబైల్ మెషీన్ గన్‌లతో మనుషుల్ని చీల్చుకుంటూ వెళ్తుంది, దాని గురించి ఎవరూ పెద్దగా బాధపడరు. కవచంలో ఒక్క మేకు కూడా తేడా రాకుండా తీసుకున్నారు, మనిషిని మాత్రం తీసుకోలేదు.

దీనికి ఎదురుగా 2022 బ్యాట్‌మ్యాన్ సినిమా పెట్టండి. ఏ ఒక్క కామిక్స్ కథనీ అది యథాతథంగా తీయలేదు, అక్కడక్కడా కొన్ని పుస్తకాల నీడలు ఉన్నాయంతే. అందులో రాబర్ట్ ప్యాటిన్సన్ మొదట్లో నేను ప్రతీకారాన్ని అని చెప్పుకుంటాడు, చివర్లో పట్టుబడిన ఒక దుండగుడు అదే మాట తన గురించి చెప్పుకుంటాడు, అక్కడ బ్యాట్‌మ్యాన్ మొహం చూడాలి. ఆ తర్వాత అతను చేసే పని కొట్టడం కాదు, వరద నీళ్లలో మంట వెలిగించి పట్టుకుని జనాన్ని బయటికి నడిపించడం. తన పని భయపెట్టడమా, కాపాడటమా అనే ప్రశ్న బ్యాట్‌మ్యాన్ కథల్లో ఎప్పట్నుంచో ఉంది, దాన్ని ఆ సినిమా పట్టుకుంది. కథ కొత్తది, పాత్ర పాతదే.

స్పైడర్‌మ్యాన్ దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ మార్పులు అతనికే జరిగాయి, నాకు అన్నిటికంటే దగ్గరైన పాత్ర కూడా అదే. మొదట గొప్ప శక్తితో గొప్ప బాధ్యత వస్తుంది అనే మాట. బెన్ బాబాయి చెప్పాడు అని అందరికీ తెలుసు, 2002 సినిమాలో కారులో కూర్చుని చెప్తాడు కూడా. 1962లో మొదటి కథలో ఆ మాట ఎవరూ అనరు, చివరి ప్యానెల్‌లో పీటర్ చీకట్లో నడిచి వెళ్లిపోతుంటే పైన కథకుడి మాటగా ఉంటుంది. బాబాయి నోట్లోకి అది తర్వాత వచ్చి చేరింది, 2021లో అయితే మే ఆంటీ నోట్లోకి వెళ్లింది. ఎవరన్నారు అనేది మారినా పీటర్ ఆ మాట వినాల్సిన సమయానికి ఆలస్యంగా వింటాడు అనేది మారలేదు. అందుకే ఈ మార్పు నన్ను ఇబ్బంది పెట్టదు.

సామ్ రెయిమీ సినిమాల్లో సాలెగూడు దారం చేతుల్లోంచే వస్తుంది, కామిక్స్‌లో అది పీటర్ సొంతంగా తయారుచేసుకున్న పరికరం. దీని మీద 2002లో పెద్ద రచ్చే జరిగింది. పరికరం పోతే ఏం పోతుంది? డబ్బుల్లేని పిల్లాడు గదిలో కూర్చుని ఇంత పెద్ద ఆవిష్కరణ చేశాడు అనేది పోతుంది, సరిగ్గా కొట్లాట మధ్యలో దారం అయిపోయే టెన్షన్ పోతుంది. నిజంగానే నష్టం. కానీ 2004లో వచ్చిన రెండో భాగం చూడండి, అద్దె కట్టలేడు, పిజ్జా డెలివరీ ఉద్యోగం పోతుంది, కాలేజీలో వెనకబడతాడు, ప్రేమించిన అమ్మాయికి ఇచ్చిన మాట నిలబెట్టుకోలేడు, అన్నీ ఆ ముసుగు వల్లే. స్పైడర్‌మ్యాన్ కథ అంటే గెలిచిన ప్రతిసారీ పీటర్ పార్కర్ ఏదో ఒకటి పోగొట్టుకోవడం, ఆ సినిమాలో అది ప్రతి సీన్‌లో ఉంది. పరికరాలు 2012లో ఆండ్రూ గార్‌ఫీల్డ్ సినిమాలోనే తిరిగొచ్చాయి, తర్వాత టామ్ హాలండ్ సినిమాల్లోనూ ఉన్నాయి, కానీ అక్కడ సూట్ కోటీశ్వరుడు టోనీ స్టార్క్ ఇచ్చాడు, బెన్ బాబాయి ఊసు దాదాపు లేదు. నో వే హోమ్ చివర్న అందరూ అతన్ని మర్చిపోయాక చిన్న గదిలోకి మారి తన సూట్ తనే కుట్టుకునేదాకా, అంటే అతని సొంత సినిమాల్లో మూడోది పూర్తయ్యేదాకా, నాకు తెలిసిన పీటర్ రాలేదనే అంటాను.

పీటర్ ప్రేమించిన గ్వెన్ స్టేసీ సంగతి ఇంకా దగ్గర్నుంచి చూడాలి. 1973లో అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121వ ఇష్యూ, జెర్రీ కాన్వే కథ, గిల్ కేన్ బొమ్మలు. విలన్ గ్రీన్ గాబ్లిన్ గ్వెన్‌ని వంతెన మీద నుంచి తోసేస్తాడు, స్పైడర్‌మ్యాన్ దారం వదిలి ఆమె కాళ్లు పట్టుకుంటాడు. ఆ ప్యానెల్‌లో గ్వెన్ మెడ దగ్గర చాలా చిన్న అక్షరాల్లో విరిగిన చప్పుడు రాసి ఉంటుంది, తొందరగా చదివేవాళ్లు దాటేసి వెళ్లిపోతారు. స్పైడర్‌మ్యాన్‌కి కూడా తెలీదు. పైకి లాగుతూ నేనెంత గొప్పవాణ్ణో చూశావా అన్నట్టు గ్వెన్‌తో సంబరంగా మాట్లాడుతూనే ఉంటాడు, చేతుల్లోకి వచ్చాక గానీ అర్థం కాదు. పడటం వల్ల కాదు, తను పట్టుకున్నప్పుడు ఒక్కసారిగా ఆగిన కుదుపు వల్ల మెడ పోయిందని తర్వాత ఆ పత్రిక ఉత్తరాల పేజీలో వివరణ కూడా ఇచ్చారు. కాపాడబోయిన చెయ్యే చంపింది. ఇంత క్రూరమైన ఆలోచన అప్పటి సూపర్‌హీరో కథల్లో చాలా అరుదు.

2002 సినిమాలో ఈ వంతెన ఉంది, గాబ్లిన్ ఉన్నాడు, కానీ అక్కడున్నది పీటర్ ప్రేమించే ఇంకో అమ్మాయి మేరీ జేన్, ఒక చేతిలో ఆమె, ఇంకో చేతిలో పిల్లలున్న కేబుల్ కారు, ఇద్దర్నీ కాపాడేస్తాడు. ఆ సీన్ బొమ్మ కామిక్స్‌ది, అర్థం పూర్తిగా తిరగబడింది. 2014 సినిమాలో వంతెన లేదు, గడియారపు టవర్ ఉంది, కానీ గ్వెన్ నిజంగా చనిపోతుంది, దారం చివర అరచెయ్యిలా విచ్చుకుని ఆమె కోసం చాపినట్టు వెళ్లే షాట్ ఒకటుంది, దారం అందుతుంది, అయినా ఆమె తల నేలకి తగులుతుంది. తర్వాత నెలల పాటు అతను సమాధి దగ్గరే నిలబడి ఉంటాడు, రుతువులు మారుతుంటాయి, ఇక్కడిదాకా అద్భుతం. అయితే సినిమా అయిపోవడానికి కొద్ది నిమిషాలే ఉంది కాబట్టి ఒక వీడియో చూసి లేచి వచ్చి విలన్‌తో జోకులేసుకుంటూ కొట్లాటకి దిగిపోతాడు. కామిక్స్‌లో ఆ గాయం ఏళ్ల తరబడి ఉంది. ఆ సిరీస్‌కి తర్వాతి భాగం లేకపోవడంతో అది అక్కడే ఆగిపోయింది. మళ్లీ 7 ఏళ్లకి నో వే హోమ్‌లో, ఆ 2014 సినిమాలో పీటర్‌గా చేసిన ఆండ్రూ గార్‌ఫీల్డ్ పడిపోతున్న హాలండ్ పీటర్ ప్రేయసి ఎంజేని పట్టుకుని నేల మీద దింపి, బాగానే ఉన్నావా అని అడుగుతూ కళ్లనీళ్లు పెట్టుకుంటాడు చూడండి, ఆ బాకీ అప్పుడు తీరింది.

మక్కీకి మక్కీ తీయడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2009లో వాచ్‌మెన్ సినిమా వచ్చింది, ప్యానెల్ తర్వాత ప్యానెల్ అలాగే తీశారు, చివర్లో కామిక్స్‌లో ఉండే పెద్ద జీవిని తీసేసి వేరే విధ్వంసం పెట్టారని అభిమానులు గొడవపెట్టారు. నాకు ఆ ముగింపు మార్పు పెద్ద సమస్య కాదు, కథ చేసే పని అదే చేస్తుంది. సమస్య సందులో కొట్లాట. డాన్, లారీ అనే ఇద్దరు మాజీ హీరోల మీద దొంగలు పడతారు, కామిక్స్‌లో ఆ కొట్లాట మధ్యమధ్యలో అదే కథలోని డాక్టర్ మాన్‌హాటన్ టీవీ ఇంటర్వ్యూ వస్తుంటుంది, అయ్యాక ఇద్దరూ ఆయాసపడుతూ నిలబడతారు, రిటైరైపోయిన మామూలు మనుషులు. సినిమాలో ఎముకలు చర్మం చీల్చుకుని బయటికొస్తాయి, స్లో మోషన్‌లో స్టైల్‌గా కొడతారు. ముసుగులేసుకుని కొట్టడంలో గొప్పేముంది అని అడిగే పుస్తకాన్ని, కొట్టడం ఎంత బాగుందో చూడండి అనే సినిమాగా తీశారు, అదీ ఒక్క ఫ్రేమ్ మార్చకుండా తీస్తున్నామనుకుంటూ.

అవెంజర్స్ సినిమాల విలన్ థానోస్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1991లో ఇన్ఫినిటీ గాంట్‌లెట్‌లో అతను సగం విశ్వాన్ని తుడిచేసేది మృత్యుదేవత ప్రేమ కోసం. 2018 సినిమాలో వనరులు చాలవు కాబట్టి. కారణమే మారిపోయింది, అయినా తను ప్రేమించే పెంపుడు కూతురు గమోరాని తన చేత్తోనే పోగొట్టుకుని ఏడ్చేలా చేసి, ఆ నమ్మకానికి ఎంత ఖరీదు కట్టాడో చూపించారు. మంచి మార్పు.

ఒకే నటుడు, ఒకే పాత్ర, రెండు ఫలితాలు చూడాలంటే డెడ్‌పూల్ ఉన్నాడు. 2009లో వుల్వరీన్ సినిమాలో ర్యాన్ రెనాల్డ్స్‌నే పెట్టి చివర్న నోరు కుట్టేశారు, కళ్లలోంచి కిరణాలు, చేతుల్లోంచి కత్తులు ఇచ్చారు. ఆగకుండా వాగడమే ఆ పాత్ర, ఆ నోరే తీసేశారు. 2014లో ఒక టెస్ట్ ఫుటేజ్ బయటికి లీకై జనం వెర్రెత్తిపోయాక, 2016లో అదే మనిషితో సరిగ్గా తీశారు, పెద్దలకి మాత్రమే అన్న రేటింగ్‌తోనే దుమ్ము దులిపింది. ఎర్ర సూట్ బాగుండటం వల్ల ఆడిందని కొందరంటారు, నా ఉద్దేశంలో నోరు తిరిగి ఇవ్వడం వల్ల ఆడింది. 2000లో ఎక్స్‌మెన్ నల్ల లెదర్ వేసుకుని పసుపు సూట్ల మీద డైలాగ్ కూడా వేశారు, 2024లో జాక్‌మన్ ఆ పసుపు సూటే వేసుకుంటే థియేటర్లు హోరెత్తాయి. సంతోషమే, నాకూ ఒళ్లు పులకరించింది, కానీ సూట్ పసుపైనంత మాత్రాన స్టూడియోలు కామిక్స్‌ని అర్థం చేసుకున్నాయని అప్పుడే అనుకోవద్దు. రంగు సరిచేయడం అన్నిటికంటే తేలిక, అభిమానులు చప్పట్లు కొట్టేదీ దానికే, అందుకే ఇప్పుడు ప్రతి సినిమా దాంతోనే మొదలుపెడుతోంది.

సినిమా చూసి వచ్చి కామిక్స్‌లో ఎలా ఉందో తెలుసుకోవాలనుకునేవాళ్లు వికీ పేజీలో శక్తుల జాబితా చదవద్దు, దానివల్ల సూట్, పవర్స్, ఎవరు ఎవర్ని ఓడిస్తారు ఇవే బుర్రలో ఉండిపోతాయి. కథలు చదవండి. స్పైడర్‌మ్యాన్‌కైతే 121, 122 రెండూ కలిపి, 122 చివరి పేజీలో పీటర్ కసురుకున్నా వెళ్లిపోకుండా తలుపు మూసి లోపలే ఆగిపోయే మేరీ జేన్‌ని చూశాక సినిమాల్లో ఆమెకి ఎంత తక్కువ ఇచ్చారో అర్థమవుతుంది. సూపర్‌మ్యాన్‌కి గ్రాంట్ మారిసన్, ఫ్రాంక్ క్వైట్లీ కలిసి చేసిన ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్, మొత్తం 12 ఇష్యూలే, ముందేమీ చదివి ఉండక్కర్లేదు. బ్యాట్‌మ్యాన్‌కి డార్క్ నైట్ రిటర్న్స్, 4 ఇష్యూలు, ఆ తుపాకీ విరిచే పేజీ నాలుగోదాంట్లో ఉంటుంది.